మసూదా పద్ధతిలో 1140 గుడ్లు, ఒక్క షైనీ కూడా లేదు

గుడ్లబుట్ట
శుక్రవారం, రాత్రి 11:52

నమస్కారం. రెండేళ్ళుగా ఇక్కడ అందరి రాతలూ చదువుతున్నాను గానీ నోరు విప్పడం ఇదే మొదటిసారి. విప్పడానికి కారణం కడుపుమంట.

పోకెమాన్ స్కార్లెట్‌లో షైనీ గిబుల్ (మామూలు రంగు కాకుండా అరుదైన రంగులో పుట్టేది) కోసం నెలన్నరగా గుడ్లు పొదిగిస్తున్నాను. మసూదా పద్ధతే, జంటలో ఒకటి వేరే దేశానిదైతే షైనీ అవకాశం పెరుగుతుందని విన్నాను. అందుకని దాదాపు దేనితోనైనా జతకట్టే డిట్టోను వేరే దేశం నుంచి తెప్పించుకున్నాను. రోజూ రాత్రి భోజనమయ్యాక ఆటలో పిక్నిక్ బల్ల వేయడం, సాండ్‌విచ్ చేసుకుని తినడం, బుట్టలో గుడ్లు పోగవుతుంటే తీసుకోవడం, గుడ్లు త్వరగా పగలడానికి టాలన్‌ఫ్లేమ్‌ను వెంటబెట్టుకుని ఐదు గుడ్లతో మైదానమంతా గానుగెద్దులా తిరగడం. ఐదు పగిలితే నోటుపుస్తకంలో ఒక కట్ట గీతలు. నిన్నటికి 228 కట్టలు, అంటే 1140 గుడ్లు.

683కి ఒకటి వస్తుందని అందరూ రాశారు. ఆ లెక్కన నాకు ఒకటి వచ్చేసి రెండోది దారిలో ఉండాలి. నా సేవ్ ఏమైనా చెడిపోయిందా? ఆట మొదటి నుంచి మళ్ళీ మొదలుపెడితే ఫలితం మారుతుందా? షైనీ అవకాశం ఇంకా పెంచే షైనీ చార్మ్ నా దగ్గర లేదు, పట్టిన జీవుల పట్టిక, అంటే పాల్డియా పోకెడెక్స్, నిండితేనే ఇస్తారు, నేను 400కు 371 దగ్గర ఆగిపోయాను. మా ఆవిడ అయితే "ఆ గుడ్లేవో నిజంగా పొదిగించి ఉంటే ఈపాటికి కోళ్ళఫారం పెట్టుకునేవాళ్ళం" అంటోంది.

నిద్రలేని_స్నోర్లాక్స్
శనివారం, రాత్రి 12:10

వెయ్యికే కడుపుమంట అయితే ఎలాగండీ. ఎక్స్ ఆటలో గుంపులు వచ్చేవి గుర్తుందా, ఒకేసారి ఐదు మీద పడేవి. ఆ గుంపులను రప్పించే స్వీట్ సెంట్ వాడుకుంటూ మూడు వేలకు పైగా చూశాను. వచ్చింది. దానితోపాటు మెడనొప్పి కూడా వచ్చింది.

సేవ్ చెడిపోవడం అంటూ ఏమీ ఉండదు. పడుకోండి.

లెక్కల_మాస్టారు
శనివారం, ఉదయం 6:35

గుడ్లబుట్ట గారూ, మీరు చేసిన పొరపాటు బడిలో నా దగ్గర చదివే పిల్లలు కూడా చేస్తారు, కాబట్టి బాధపడకండి. 683కి ఒకటి అంటే 683వ గుడ్డులో షైనీ కూర్చుని ఉంటుందని కాదు. ప్రతి గుడ్డుకూ విడిగా చీటీ తీస్తున్నారు, తీసిన చీటీని మళ్ళీ డబ్బాలో వేసేస్తున్నారు. సరిగ్గా 683 గుడ్లు పొదిగించిన వందమందిని నిలబెడితే 37 మందికి ఒక్కటీ వచ్చి ఉండదు. సగం మందికి దొరికే చోటు 473. వందలో తొంభైమందికి దొరకాలంటే 1570 దాకా పోవాలి. మీలా 1140 దగ్గర ఖాళీ చేతులతో నిలబడినవారు వందకు 19 మంది. అయిదుగురిలో ఒకరు. ఇది దురదృష్టమే గానీ, వార్తల్లోకి ఎక్కేంత దురదృష్టం కాదు.

ఇంకొక మాట. "ఇన్ని అయ్యాయి కాబట్టి ఇక వచ్చేయాలి" అనుకోవద్దు. వరుసగా నలుగురు ఆడపిల్లలు పుట్టారు, అయిదోసారి మగపిల్లవాడు తప్పదు అనేవారి లెక్క అది. రేపు మీరు పొదిగించే గుడ్డుకు వెనకటి 1140 సంగతి తెలియదు.

ఎర్ర_గ్యారడోస్
శనివారం, ఉదయం 9:20

ఇప్పటి పిల్లలు 683 అని ఏడుస్తున్నారు! మా కాలంలో 8192కు ఒకటి. 1999లో జపాన్‌లో గోల్డ్, సిల్వర్ వచ్చినప్పటి నుంచి అయిదో తరం ఆటల దాకా అదే లెక్క. 2013లో ఎక్స్, వై వచ్చాక 4096కు దించారు. మసూదా పద్ధతి అని మీరు అంటున్నది 2006 నాటి డైమండ్, పర్ల్ దాకా లేనే లేదు.

నేను మొట్టమొదట చూసిన షైనీ అందరికీ దొరికేదే, లేక్ ఆఫ్ రేజ్‌లో ఎర్ర గ్యారడోస్. అప్పటికి షైనీ అనే మాట కూడా తెలియదు. మా మామయ్య దుబాయ్ నుంచి తెచ్చిన క్యాసెట్టు. నీలంగా ఉండాల్సినది ఎర్రగా వచ్చి, చుట్టూ చుక్కలు మెరిశాయి. క్యాసెట్టు పాడైపోయిందేమోనని తీసి, నోటితో ఊది, మళ్ళీ పెట్టాను. మళ్ళీ ఎర్రగానే వచ్చింది. కథలో రాకెట్ ముఠావాళ్ళు రేడియో తరంగాలతో మ్యాజికార్ప్‌లను బలవంతంగా గ్యారడోస్‌లుగా మార్చారని, అందుకే దానికి ఆ రంగు మిగిలిందని తర్వాత ఎప్పుడో అర్థమైంది.

ఆ రోజుల్లో రంగు వెనకాల ఉన్న ఏర్పాటు ఇప్పటికీ నాకు నచ్చుతుంది. షైనీ కోసం విడిగా చీటీ లేదు. జీవికి పుట్టుకతో వచ్చే బలాల అంకెలే రంగును తేల్చేవి. రక్షణ, వేగం, స్పెషల్ మూడూ సరిగ్గా 10 ఉండాలి, దాడి అంకె 2, 3, 6, 7, 10, 11, 14, 15లలో ఒకటి కావాలి. మాస్టారూ, గుణించి చూడండి.

లెక్కల_మాస్టారు
శనివారం, ఉదయం 9:41

ఒక్కో అంకె 0 నుంచి 15 వరకు. దాడికి పదహారింట ఎనిమిది, అంటే సగం. మిగతా మూడింటికీ పదహారింట ఒకటి చొప్పున. రెండు, పదహారు, పదహారు, పదహారు గుణిస్తే 8192. ఎంత పొందికగా ఉంది! ఇది సోమవారం తొమ్మిదో తరగతి వారికి ఇస్తాను, పోకెమాన్ అని చెప్పకుండా.

ఎర్ర_గ్యారడోస్
శనివారం, ఉదయం 9:55

చెప్పే ఇవ్వండి మాస్టారూ, వెనక బెంచీ కూడా చేస్తుంది.

అందులో ఇంకో తమాషా ఉంది. బలాలు తల్లిదండ్రుల నుంచి పిల్లలకు వస్తాయి కదా, అందుచేత ఆ తరంలో షైనీకి పుట్టిన పిల్ల షైనీ అయ్యే అవకాశం 64కు ఒకటి దాకా ఉండేది. రంగు వంశంలో పారేది. మూడో తరంలో ఈ బంధం తెంచేశారు. ట్రైనర్ సంఖ్య, తెరమీద కనబడని రహస్య సంఖ్య, జీవికి పుట్టిన సంఖ్య, ఈ మూడింటినీ కలిపి తేల్చడం మొదలుపెట్టారు. అంటే ఒకే సంఖ్యతో పుట్టిన జీవి మీ ఆటలో మెరవచ్చు, నా ఆటలో మామూలుగా ఉండవచ్చు. జాతకం అనండి, అంతే.

వరంగల్_వూపర్
శనివారం, మధ్యాహ్నం 1:15

అందరూ లెక్కల్లో మునిగిపోయారు, అసలు ప్రశ్న ఎవరూ అడగలేదు. గిబుల్ షైనీనా? మామూలు గిబుల్‌కూ షైనీ గిబుల్‌కూ తేడా కనిపెట్టిన మొనగాడు ఎవరు?

గుడ్లబుట్ట
శనివారం, మధ్యాహ్నం 1:40

తేడా ఉంది. ఒళ్ళు నీలం కొంచెం వెలిసినట్టు ఉంటుంది, కడుపు ఎరుపు కాకుండా నారింజ వైపు మొగ్గుతుంది. గిబుల్ పెరిగి అయ్యే గార్చాంప్ నాకు ఇష్టం, అంతే. అభిరుచిని వెక్కిరించవద్దు.

వరంగల్_వూపర్
శనివారం, మధ్యాహ్నం 1:44

పది ఉతుకులు పడిన చొక్కాకూ పదకొండు ఉతుకులు పడిన చొక్కాకూ ఉన్నంత తేడా.

నాలుగు నెలలు తిరిగి తెచ్చుకుంటే పక్కింటివాడికి కూడా కనబడేలా ఉండాలి. మెటాగ్రాస్ చూడండి, వెండి ఒళ్ళు, ముఖం మీద బంగారు గుర్తు. రేక్వాజా నల్లగా మారితే ఎలా ఉంటుంది! అంబ్రియాన్‌కు పసుపు వలయాలు నీలమవుతాయి, చీకట్లో దీపావళి. గెంగార్, గార్చాంప్, లీఫియాన్ లాంటి వాటికి రంగులు వేసినవారు ఆ రోజు సగం జీతానికే పనిచేశారని నా అనుమానం.

పొదుపు_పోకెబాల్
శనివారం, సాయంత్రం 4:05

గెంగార్ జోలికి రావద్దు.

రంగు తేడా తక్కువ ఉన్నవాటిని వేటాడటంలో ఒక ఇబ్బంది మాత్రం నిజం. యుద్ధంలో ఎదురైతే చుక్కలు మెరుస్తాయి కాబట్టి తెలుస్తుంది. స్కార్లెట్, వైలెట్ మైదానంలో అదీ లేదు, మెరుపూ శబ్దమూ ఏమీ ఉండవు, కళ్ళతోనే పట్టుకోవాలి. 2022లోనే కొన్ని నెలల ముందు వచ్చిన లెజెండ్స్ ఆర్సియస్‌లో అయితే దూరం నుంచే టింగుమని మోగేది. అది అలవాటైన చెవులతో వచ్చి ఇక్కడ ఎన్నింటిని దాటేసి వెళ్ళిపోయానో. అనుమానం వస్తే మీ పోకెమాన్‌ను దాని మీదికి వదలండి. తనంతట తాను పోరాడే పద్ధతిలో అది షైనీని మాత్రం కొట్టదు, వెనక్కి తిరిగి వచ్చేస్తుంది. నా కంటే నా మియావ్‌స్కరాడా కళ్ళే నయం.

ట్యాంక్‌బండ్_ట్రైనర్
శనివారం, సాయంత్రం 5:30

మీరంతా సోఫాలో కూర్చుని వేటాడుతున్నారు. పోకెమాన్ గో ఆడండి, నడక అయినా మిగులుతుంది. 2016 డిసెంబరులో మన దేశంలోకి వచ్చినప్పుడు ఇందులో షైనీలే లేవు. 2017 మార్చిలో బంగారు మ్యాజికార్ప్, ఎర్ర గ్యారడోస్‌తో మొదలయ్యాయి. కమ్యూనిటీ డే రోజున ఆ మూడు గంటలూ ట్యాంక్‌బండ్ మీద ఈ చివర నుంచి ఆ చివరకు నడిస్తే చాలు. సుమారు 25కు ఒకటి వస్తుందని ఆటగాళ్ళు పోగుచేసిన లెక్కల్లో తేలింది.

ఒకే పొద దగ్గర పదిమందిమి నిలబడి ఒకే జీవిని తాకుతాము. ఒకరికి మెరుస్తుంది, తొమ్మిదిమందికి మెరవదు, ఎవరి చీటీ వారిదే. ఆ ఒక్కరు అరిచే అరుపుకు మొక్కజొన్న కంకులు కాల్చే ఆయన కూడా "వచ్చిందా?" అని అడుగుతాడు ఇప్పుడు.

ఎర్ర_గ్యారడోస్
శనివారం, సాయంత్రం 5:52

25కు ఒకటి వస్తే దాన్ని వేట అనరు, పంపకం అంటారు.

ట్యాంక్‌బండ్_ట్రైనర్
శనివారం, సాయంత్రం 5:58

మీ గ్యారడోస్ ఒకటికి ఒకటి. దాన్ని ఏమంటారు?

తెనాలి_డిట్టో
శనివారం, రాత్రి 8:17

మొత్తం చదివాను. ఒక చిన్న ప్రశ్న. గుడ్లబుట్ట గారూ, "వేరే దేశం నుంచి వచ్చిన డిట్టో" అన్నారు. ఏ దేశం? ఎవరిచ్చారు?

గుడ్లబుట్ట
శనివారం, రాత్రి 8:30

డల్లాస్‌లో ఉన్న మా పెద్దమ్మ కొడుకు. వాడూ స్కార్లెట్ ఆడతాడు. ఎందుకు అడుగుతున్నారు?

తెనాలి_డిట్టో
శనివారం, రాత్రి 8:33

మీ అన్నయ్య ఆటను ఏ భాషలో పెట్టుకుని ఆడతారు?

గుడ్లబుట్ట
శనివారం, రాత్రి 8:34

ఇంగ్లీషులోనే. ఇంకే భాషలో ఆడతాడు?

గుడ్లబుట్ట
శనివారం, రాత్రి 8:36

ఆగండి.

తెనాలి_డిట్టో
శనివారం, రాత్రి 8:50

అదేనండీ. క్షమించాలి, ఎవరో ఒకరు చెప్పాలి కదా. మసూదా పద్ధతిలో దేశాలతో పని లేదు, తల్లిదండ్రులు పుట్టిన ఆటల భాషలు వేరు కావాలి. ఈ ఆటలు తయారుచేసే గేమ్ ఫ్రీక్‌లో అప్పట్లో దర్శకుడిగా ఉన్న జునిచి మసూదా దీన్ని వివరించినందుకు ఆయన పేరే స్థిరపడిపోయింది. జపనీస్ ఆటలో పట్టిన డిట్టో, ఇంగ్లీషు ఆటలో పట్టిన గిబుల్ అయితేనే అదనపు చీటీలు వస్తాయి. డల్లాస్ అయినా తెనాలి అయినా ఇంగ్లీషు ఇంగ్లీషే. మన గిబుల్‌కు ఆ డిట్టో పక్క వీధి పిల్లే.

ఈ పొరపాటు మనవాళ్ళే ఎక్కువగా చేస్తారు. ఈ ఆటలో తెలుగు లేదు, హిందీ లేదు, కాబట్టి మనమందరం ఇంగ్లీషులోనే ఆడతాము. మనకున్న విదేశీ చుట్టాలు అమెరికా, ఆస్ట్రేలియా, లండన్. అందరిదీ అదే భాష. డిట్టో వివరాల పేజీ తెరవండి, పై భాగంలో వేరే భాష గుర్తు కనబడితేనే అది పనికొస్తుంది. పేరు జపనీస్ లిపిలోనో కొరియన్ లిపిలోనో ఉంటే ఇక అనుమానమే అక్కరలేదు.

నేనూ 300 గుడ్లు ఇలాగే పోగొట్టుకున్నాను. నాది సింగపూర్ డిట్టో.

లెక్కల_మాస్టారు
శనివారం, రాత్రి 9:05

అయితే ఉదయం నేను వేసిన లెక్కంతా కొట్టివేయాలి. మసూదా లేదు, చార్మ్ లేదు. 4096కు ఒకటి. 1140 గుడ్లలో కనీసం ఒకటి వచ్చే అవకాశం వందకు 24. మీరు అయిదుగురిలో ఒకరైన దురదృష్టవంతులు కారు. నలుగురిలో ముగ్గురికి ఇదే జరుగుతుంది. మీది చాలా మామూలు అదృష్టం.

గుడ్లబుట్ట
శనివారం, రాత్రి 9:20

మాస్టారూ, ఇది ఓదార్పా?

నెలన్నర. మా అన్నయ్యకు ఫోన్ చేశాను. వాడు నవ్వడం మొదలుపెట్టి ఇంకా ఆపలేదు.

మెరుపు_దుకాణం
శనివారం, రాత్రి 9:48

ఇన్ని తిప్పలు ఎందుకు? ఏ షైనీ కావాలన్నా చెప్పండి, ఆరు బలాలూ నిండుగా, మీకు నచ్చిన బంతిలో, పది నిమిషాల్లో పంపిస్తాను. గిబుల్ అయితే రూ. 50.

నిద్రలేని_స్నోర్లాక్స్
శనివారం, రాత్రి 9:55

కంప్యూటర్‌లో అచ్చు వేసిన గిబుల్ ఎవరికి కావాలి? దొంగనోటు కూడా మెరుస్తుంది.

పొదుపు_పోకెబాల్
శనివారం, రాత్రి 10:02

నేను కొంచెం భిన్నంగా అనుకుంటాను. రోజుకు పన్నెండు గంటలు పనిచేసి వచ్చే మనిషి, ఆరు గుడ్లు పొదిగించే తీరిక లేనివాడు, తయారుచేసిన షైనీతో సంతోషపడితే నాకేమీ నష్టం లేదు. నష్టం ఎక్కడంటే, దాన్ని అసలుదని చెప్పి ఇంకొకరు నిజంగా వేటాడినదానితో మార్పిడి చేసినప్పుడు. పోయినేడు నేను ఆర్నెల్లు తిరిగి పట్టిన పోనిటాను ఇచ్చి ఒక నల్ల రేక్వాజా తీసుకున్నాను. తర్వాత చూస్తే దాని ట్రైనర్ పేరు చోట ఒక వెబ్‌సైటు చిరునామా ఉంది. పోనిటా జూలు నీలి మంట ఇప్పటికీ కళ్ళ ముందు ఆడుతుంది.

నిర్వాహకుడు
శనివారం, రాత్రి 10:15

ఇక్కడ అమ్మకాలు కుదరవు. ఆ సభ్యుడిని తొలగించాము. చర్చ కొనసాగించండి.

నిద్రలేని_స్నోర్లాక్స్
శనివారం, రాత్రి 11:30

గుడ్లబుట్ట గారి మనసు కుదుటపడాలంటే ఇంతకంటే తెలివితక్కువ పని ఒకటి చెప్పాలి, కాబట్టి చెబుతున్నాను.

ఇంటర్ చదివేటప్పుడు మూడో తరం ఆట ఎమరాల్డ్‌లో నల్ల రేక్వాజా కోసం కూర్చున్నాను. స్కై పిల్లర్ పైన, దాని ముందే సేవ్ చేసుకుని, నాలుగు బటన్లు ఒకేసారి నొక్కి రీసెట్ చేయడం, మళ్ళీ వెళ్ళి పలకరించడం. వేగంగా చేయడం నేర్చుకున్నాను. కళ్ళు మూసుకుని, ఒకే లయలో, తబలా వాయించినట్టు. వేసవి సెలవులన్నీ అదే. ఎన్నిసార్లో లెక్క కూడా లేదు.

ఏళ్ళ తర్వాత తెలిసింది. ఎమరాల్డ్‌లో ఆట మొదలైన ప్రతిసారీ యాదృచ్ఛిక సంఖ్యల వరుస సున్నా నుంచే మొదలవుతుంది. అంటే ఆట తెరుచుకున్నప్పటి నుంచి రేక్వాజాను పలకరించేదాకా పట్టిన సమయమే ఏ జీవి వస్తుందో తేలుస్తుంది. నేను లయ తప్పకుండా నొక్కినకొద్దీ, తిరిగి తిరిగి అవే నాలుగైదు రేక్వాజాలు ఎదురవుతున్నాయన్నమాట. అదే స్వభావం, అవే బలాలు. నాకు అప్పుడే అనుమానం రావాల్సింది, "ఏమిటి, వీటన్నిటిదీ ఒకే స్వభావం" అని ఒకసారి అనుకున్నాను కూడా. బద్ధకంగా, మధ్యలో మంచినీళ్ళు తాగుతూ, ఒక్కోసారి ఒక్కోలా నొక్కి ఉంటే ఎప్పుడో దొరికేది. శ్రద్ధే ముంచింది.

ఎర్ర_గ్యారడోస్
శనివారం, రాత్రి 11:41

ఇది నిజంగా విషాదం. ఒక పూట భోజనం మానేస్తాను మీ కోసం.

ఒసాకా_ఓడిష్
ఆదివారం, ఉదయం 7:10

గుడ్లబుట్ట గారూ, నేను ఆరేళ్ళుగా జపాన్‌లో ఉంటున్నాను. ఇక్కడ కొన్న రోజే ఆటను జపనీస్‌లో పెట్టుకున్నాను, లిపి నేర్చుకోవచ్చని. నా దగ్గర డిట్టోలు చాలా ఉన్నాయి, ఒకటి మీకు ఇస్తాను. డబ్బులేమీ వద్దు. బదులుగా ఒక గిబుల్ ఇవ్వండి, రఫ్ స్కిన్ లక్షణం ఉన్నది అయితే బాగుంటుంది. వెయ్యి పొదిగించారు కదా, ఒకటైనా ఉండకపోదు.

గుడ్లబుట్ట
ఆదివారం, ఉదయం 8:25

ఒసాకా గారూ, మీ మేలు మరచిపోలేను. తప్పకుండా ఉంటుంది. తల్లి గిబుల్‌కు రఫ్ స్కిన్ ఉంది, పిల్లల్లో చాలావాటికి వచ్చే ఉంటుంది. అయితే నేను రంగు తప్ప ఇంకేమీ చూడలేదు, గుడ్డు పగలగానే పెట్టెలో పడేశాను. చోటు చాలక మొదటి 600 వదిలేశాను, మిగతా 540 ఉన్నాయి. టిఫిన్ చేసి ఒక్కొక్కటి తెరిచి చూస్తాను.

ఒసాకా_ఓడిష్
ఆదివారం, ఉదయం 8:31

తొందరేమీ లేదు. ఇక్కడ ఇప్పుడు మధ్యాహ్నమే.

వరంగల్_వూపర్
ఆదివారం, ఉదయం 9:02

గుడ్లబుట్ట గారూ, గుడ్డు పగిలేటప్పుడు చుక్కలు మెరవవని తెలుసు కదా? యుద్ధంలోనే మెరుస్తాయి. మీరు పగిలిన గిబుల్ రంగును దేనితో పోల్చి చూస్తున్నారు?

గుడ్లబుట్ట
ఆదివారం, ఉదయం 10:47

పదకొండో పెట్టె, మూడో వరుస, రెండోది. రఫ్ స్కిన్ ఉందా అని వివరాల పేజీ తెరిచాను. పేరు దగ్గర చిన్న మెరుపు గుర్తు.

పక్కన మామూలుదాన్ని పెట్టి పది నిమిషాలు చూశాను. మా ఆవిడను పిలిచి "రెండింటిలో తేడా చెప్పు" అన్నాను. "ఎడమదానికి కళ్ళు పెద్దవి" అంది. కళ్ళు ఒకటే. అది పొదిగింది మూడు వారాల క్రితం. ఆ తర్వాత 300 గుడ్లు దీని కోసమే పొదిగించాను, ఇది పెట్టెలో కూర్చుని ఉండగానే.

వరంగల్_వూపర్
ఆదివారం, ఉదయం 10:49

పదకొండో ఉతుకు!

లెక్కల_మాస్టారు
ఆదివారం, ఉదయం 11:05

అభినందనలు. 4096కు ఒకటి చొప్పున 540లో దొరికే అవకాశం ఎనిమిదింట ఒక వంతు. నిన్న మీది మామూలు అదృష్టం అన్నాను, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను.

నిద్రలేని_స్నోర్లాక్స్
ఆదివారం, ఉదయం 11:12

వదిలేసిన ఆ 600లో...

గుడ్లబుట్ట
ఆదివారం, ఉదయం 11:13

ఆ మాట ఎత్తవద్దు.

ఒసాకా గారూ, రఫ్ స్కిన్ ఉన్నవి 31 దొరికాయి ఇప్పటిదాకా. సాయంత్రం ఆరింటికి మార్పిడికి లింక్ కోడ్ పంపుతాను. మెరిసేది మాత్రం పొరపాటున వచ్చేస్తే తిరిగి పంపించేయండి, నేను మళ్ళీ గుర్తుపట్టలేను.